గడ్డ ముక్కలో అణువుల పటం: మాస్ స్పెక్ట్రోమెట్రీ ఇమేజింగ్ ఒడిశా సరిహద్దు తెలుగువారికి ఎంత దూరం?

పర్లాకిమిడిలోనో కాశీనగరంలోనో ఒక తెలుగింటి ఆడమనిషికి రొమ్ములో గడ్డ చేతికి తగిలితే, ఆ ఇంట్లో మొదట తేలాల్సింది దారి. పైకి వెళ్తే బరంపురం మెడికల్ కాలేజీ, అదీ దాటితే కటక్‌లోని ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రి. కిందికి దిగితే పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, ఆ తర్వాత విశాఖ కేజీహెచ్, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. ఒకవైపు ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు చెల్లుతుంది గాని మాట కుదరదు. రెండోవైపు మాట మనదే, చిక్కంతా కార్డు దగ్గర. 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరాక ఈ చిక్కు కొంత సడలింది, పూర్తిగా పోలేదు. గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్ళకూ కాస్త అటూ ఇటుగా ఇదే లెక్క.

ఈ తిరుగుళ్ళలో ఒక సంగతి ఎవరి దృష్టికీ రాదు. మనిషితోపాటు, చాలాసార్లు మనిషికంటే ముందే, ఒక ముక్క ప్రయాణం చేస్తుంది. సూదితో గడ్డలోంచి తీసిన, అగ్గిపుల్లకంటే సన్నని కండపోగు అది. చిన్న సీసాలో పడి ఆసుపత్రి నుంచి ల్యాబుకు, ల్యాబు నుంచి మరో ఊరికి వెళ్తుంది. అది క్యాన్సరా కాదా, క్యాన్సరైతే ఏ రకం, ఏ మందుకు లొంగుతుంది అన్న ప్రశ్నలకు జవాబు ఆ పోగులోనే ఉంటుంది. ముక్కలో ఎక్కడ ఏ అణువులున్నాయో వాటి బరువును బట్టి పటం గీసే పద్ధతి మాస్ స్పెక్ట్రోమెట్రీ ఇమేజింగ్. ఇరవై ఏడెనిమిదేళ్ళుగా ప్రయోగశాలల్లో ఎదుగుతున్న అది కూడా చదివేది ఆ ముక్కనే. కాబట్టి యంత్రం ఎంత గొప్పదైనా, కథ మాత్రం సీసా దగ్గరే మొదలవుతుంది.

ముందు ఒక అపోహ తీసేయాలి. ఇమేజింగ్ అనగానే మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ లాంటి స్కానింగ్ గుర్తొస్తుంది. ఇది ఆ జాతి కాదు. ఇందులో మనిషిని యంత్రంలోకి పంపడం ఉండదు. ఒంట్లోంచి తీసిన కణజాలపు పొరను యంత్రంలో పెడతారు. గడ్డ ఎక్కడుందో వెతికే పని దీనిది కాదు. దొరికిన గడ్డ స్వభావం తేల్చడం, కోసి తీసేటప్పుడు దాని హద్దు ఎక్కడో చూపడం దీని పని. కొత్త స్కాను వచ్చేసింది, క్యాన్సర్‌ను ముందే పట్టేస్తుంది అని ఫోన్లలో తిరిగే సందేశాలు ఈ తేడాను మింగేస్తాయి. ఆ ఆశతో చేతికి తగిలిన గడ్డను చూపించుకోవడం ఎవరైనా వాయిదా వేస్తే జరిగే నష్టం చిన్నది కాదు.

ఇప్పుడు ల్యాబుల్లో జరుగుతున్నదేమిటి? ముక్కను ఫార్మలిన్‌లో నానబెడతారు. తర్వాత ఆల్కహాలులో, జైలీన్‌లో ముంచి నీరంతా తీసేసి, కరిగించిన మైనంలో పోసి బ్లాకుగా చేస్తారు. ఆ బ్లాకులోంచి మిల్లీమీటరులో సుమారు 250వ వంతు మందాన పొరలు కోసి, గాజు పలకమీద పరిచి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు అద్దుతారు. కణకేంద్రకాలు నీలి ఊదాగా, మిగతా కణం గులాబీగా తేలుతుంది. పాథాలజిస్టు సూక్ష్మదర్శినిలో కళ్ళతో చూసి చెప్పే మాటే ఈ రోజుకీ తుది తీర్పు. ఆ తర్వాత ఈఆర్, పీఆర్ (హార్మోన్లను అందుకునే ప్రోటీన్లు), హెర్2 (కణాన్ని పెరగమని తోసే ప్రోటీను) పరీక్షలు. ఒక్కో ప్రోటీనుకు, దానికే అంటుకునే ఒక్కో యాంటీబాడీ వేసి, రంగు పట్టిందా లేదా అని చూస్తారు. హెర్2 స్కోరు 3+ వస్తే దానికి తగ్గ మందు ఉంది. 2+ వస్తే మాట తేలదు, హెర్2 జన్యువు ఎన్ని కాపీలుందో లెక్కపెట్టే ఫిష్ అనే మరో పరీక్ష కావాలి. అది పెద్ద నగరాల్లోనే దొరుకుతుంది గనుక ఇంకో ప్రయాణం, ఇంకొన్ని వారాలు.

ఈ పద్ధతిలో ఒక పరిమితి ఉంది. యాంటీబాడీ మనం అడిగిన ప్రశ్నకే బదులిస్తుంది. హెర్2 ఉందా అని అడిగితే హెర్2 సంగతే చెబుతుంది, పక్కనే జరుగుతున్న మరో మార్పు దానికి కనిపించదు. మాస్ స్పెక్ట్రోమెట్రీకి ముందుగా ప్రశ్న అక్కర్లేదు. అక్కడున్న అణువుల్ని వాటి బరువును బట్టి జాబితా రాసి ఇస్తుంది. ఏది పనికొచ్చే సమాచారమో మనిషి తర్వాత తేల్చుకోవచ్చు.

ఆ జాబితా ఎలా తయారవుతుందో కాస్త నిదానంగా చూడాలి. బాగా వాడుకలో ఉన్న పద్ధతి పేరు మాల్డీ. కణజాలపు పొరమీద ఒక ఆమ్లపు ద్రావణాన్ని సన్నని తుంపరగా చల్లుతారు. అది ఆరి, చిన్న చిన్న స్ఫటికాలుగా మారుతూ తన కింద ఉన్న అణువుల్ని తనలోకి లాక్కుంటుంది. ఆ స్ఫటికంమీద లేజర్ కిరణం తగలగానే అది ఆ శక్తిని మింగి ఎగిరిపోతుంది, తనతోపాటు కొవ్వులనూ ప్రోటీన్లనూ ముక్కలు కాకుండా పైకి లేపుతుంది. విద్యుదావేశం ఎక్కిన ఆ అణువుల్ని ఒక గొట్టంలోకి ఒకే ఊపుతో తోస్తారు. తేలికవి ముందు చేరతాయి, బరువైనవి వెనకబడతాయి. చేరిన సమయాన్ని బట్టి బరువు తెలుస్తుంది. ప్రోటీన్లలాంటి పెద్ద అణువుల్ని చెదరగొట్టకుండా ఇలా ఎగరేయవచ్చని చూపినందుకే జపాన్ ఇంజినీరు కోయిచి తనాకాకు 2002లో రసాయన శాస్త్రపు నోబెల్‌లో వాటా దక్కింది. మాల్డీ అన్న పేరూ, ఇప్పుడు వాడే తీరూ జర్మనీకి చెందిన కారాస్, హిల్లెన్‌క్యాంప్‌లవి. 1997లో అమెరికాలోని హ్యూస్టన్‌లో, టెక్సస్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో రిచర్డ్ కాప్రియోలి బృందం ఇదే పనిని కణజాలంమీద చుక్క చుక్కకూ చేసి పటం గీయవచ్చని చూపింది. ఈ రంగానికి అసలు పునాది అదే.

పటం అంటే ఏమిటో బరంపురం పట్టు నేసే ఇళ్ళవాళ్ళకు చెప్పడం తేలిక. అంచుమీద కుంభం నేయాలంటే ముందు గడుల కాగితంమీద నమూనా గీసుకుంటారు. ఒక్కో గడి ఒక్కో చోట ఏ రంగు పోగు రావాలో చెబుతుంది. ఇక్కడా కణజాలాన్ని అలాగే గడులుగా విడదీసి, లేజర్‌ను గడి తర్వాత గడిమీద నిలుపుతూ పోతారు. తేడా ఒక్కటే. నేతగాడి గడిలో ఒకే రంగు ఉంటుంది, ఈ గడిలో వందల అణువుల బరువులు ఉంటాయి. వాటిలో ఏదైనా ఒక బరువును ఎంచుకుని, అది ఎక్కువున్న గడులకు ముదురు రంగు, తక్కువున్న గడులకు లేత రంగు వేయమంటే కంప్యూటర్ ఒక బొమ్మ ఇస్తుంది. మరో బరువు అడిగితే అదే పొరనుంచి ఇంకో బొమ్మ. ఒక్కో గడి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుంటే చదరపు సెంటీమీటరు ముక్కలో 40,000 గడులు వస్తాయి. గడిని 10 మైక్రాన్లకు తగ్గిస్తే ఆ లెక్క 10 లక్షలకు చేరుతుంది. సన్నగా చూడాలనుకున్న కొద్దీ యంత్రం పనిచేసే గంటలూ, దాచుకోవాల్సిన సమాచారమూ అదే లెక్కన పెరుగుతాయి.

రెండో పద్ధతి డెసీ. 2004లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో గ్రాహమ్ కుక్స్ బృందం దీన్ని తెచ్చింది. ఇందులో స్ఫటికమూ లేజరూ లేవు. ఆవేశమున్న ద్రావకపు తుంపరను కణజాలంమీద కొడతారు. తుంపర చిట్లి వెనక్కి లేచేటప్పుడు అణువుల్ని వెంట తీసుకొస్తుంది. గడులు మాల్డీ అంత సన్నగా రావు. అయితే ముందు సిద్ధం చేసే పని తక్కువ, శూన్యపు గది అక్కర్లేదు, పొర చెడదు. అదే పొరకు తర్వాత మామూలు రంగులు అద్ది పాథాలజిస్టుకు చూపించవచ్చు. అణువుల పటాన్నీ, కంటికి కనిపించే కణాల బొమ్మనూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూసే ఈ సౌలభ్యం చాలా విలువైనది. ఏ గడిలో ఉన్నది క్యాన్సరో యంత్రానికి మొదట నేర్పాల్సింది పాథాలజిస్టే కదా.

రొమ్ము క్యాన్సర్‌లో ఈ పటాలు బాగా చూపేది కొవ్వుల్ని. ఆగకుండా విడిపోయే కణానికి తనను చుట్టి ఉండే పొర ఎప్పటికప్పుడు కొత్తగా కావాలి, ఆ పొర తయారయ్యేది కొవ్వు అణువులతో. మామూలు కణాలు చాలావరకు రక్తంలోంచి వచ్చే కొవ్వుతో సరిపెట్టుకుంటే, క్యాన్సర్ కణాలు సొంతంగా తయారుచేసుకోవడం మొదలుపెడతాయి. ఆ పనిచేసే ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అనే ఎంజైము చాలా రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువగా కనిపిస్తుంది. 2014లో బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో నథాలీ అగార్ బృందం డెసీతో రొమ్ము కణజాలాన్ని చదివినప్పుడు ఓలెయిక్ ఆమ్లంలాంటి కొవ్వు ఆమ్లాలు మామూలు చోటుకంటే క్యాన్సర్ చోట ఎక్కువగా తేలాయి. అంతకు ముందు 2010లో మ్యూనిక్ పరిశోధకులు యాంటీబాడీ వాడకుండానే, మాల్డీలో కనిపించే ప్రోటీన్ల బరువుల్ని బట్టి హెర్2 ఉన్న గడ్డల్ని లేనివాటినుంచి వేరుచేయవచ్చని చూపారు. ఫిష్ పరీక్షకోసం వారాలు ఎదురుచూసే చోట ఇలాంటి ఫలితానికి ఉండే విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే అది కొద్దిపాటి నమూనాలమీద జరిగిన పరిశోధన. రోజువారీ పరీక్షగా ఇంకా మారలేదు.

సర్జన్లకు ఆశ కలిగించేది హద్దుల సంగతి. రొమ్ము మొత్తం తీసేయకుండా గడ్డనూ దాని చుట్టూ కాస్త మంచి కండనూ మాత్రమే తీసే ఆపరేషన్‌లో, కోసిన అంచున క్యాన్సర్ కణాలు మిగిలాయా అన్నది ఆపరేషన్ అయిన కొన్ని రోజులకు గాని తెలియదు. మిగిలాయని తేలితే మళ్ళీ బల్లమీదికి వెళ్ళాలి. పాశ్చాత్య దేశాల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇలా రెండో ఆపరేషన్ తప్పడం లేదు. ఆపరేషన్ మధ్యలోనే ముక్కను మంచులా గడ్డకట్టించి, పొరలు కోసి చూడొచ్చు కదా అనిపిస్తుంది గాని, రొమ్ములో కొవ్వు ఎక్కువ. కొవ్వు సరిగా గట్టిపడక, కోసేటప్పుడు చిరుగుతుంది. ఈ చిక్కుకు జవాబుగా లండన్ ఇంపీరియల్ కాలేజీలో జోల్తాన్ తకాట్స్ ఐనైఫ్‌ను తయారుచేశారు. కరెంటు కత్తి కండను కోసేటప్పుడు లేచే పొగను మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పీల్చి, కత్తి కింద ఉన్నది మంచిదో చెడ్డదో అక్కడికక్కడే చెప్పే ఏర్పాటు అది. 2017లో టెక్సస్‌లో లివియా ఎబర్లిన్ బృందం ఒక పెన్ను చేసింది. ఒక నీటి చుక్కను కండకు మూడు సెకన్లు తాకించి, ఆ చుక్కను చదువుతుంది. రొమ్ము, ఊపిరితిత్తి, థైరాయిడ్, అండాశయాలకు చెందిన 253 నమూనాల్లో 96 శాతానికి పైగా సరిగా చెప్పింది. ఈ రెండూ పటం గీయవు, తాకిన చోటు సంగతే చెబుతాయి. వీటి తెలివి కూడా పాథాలజిస్టు ముందే తేల్చిన ముక్కల అణువుల జాబితాలనుంచి నేర్చుకున్నదే.

ఇన్ని చెప్పాక, ఇది ఇంకా ఆసుపత్రుల్లోకి ఎందుకు రాలేదన్న ప్రశ్న మిగులుతుంది. ఖర్చు ఒక కారణం, నిజమే. కానీ అదే పెద్ద కారణమనుకోవడం పొరపాటు. మాల్డీ యంత్రాలు ఆసుపత్రులకు కొత్తేమీ కాదు. రక్తంలోనో చీములోనో పెరిగిన బాక్టీరియా ఏదో నిమిషాల్లో గుర్తించడానికి మన దేశపు పెద్ద ఆసుపత్రుల మైక్రోబయాలజీ విభాగాల్లో ఇప్పటికే వాడుతున్నారు. అమెరికాలో ఆ పనికి 2013లోనే అనుమతి వచ్చింది. బాక్టీరియా విషయంలో కుదిరింది గడ్డ ముక్క విషయంలో ఎందుకు కుదరలేదంటే, ముక్క నిలకడగా ఉండదు. ఒంట్లోంచి బయటికి రాగానే రక్తం అందక అందులోని ఎంజైములు కొవ్వుల్నీ ప్రోటీన్లనూ కొరకడం మొదలుపెడతాయి. అరగంట ఆలస్యమైన ముక్కా, వెంటనే గడ్డకట్టించిన ముక్కా ఒకే మనిషివైనా ఒకే పటం ఇవ్వవు. అందుకే పరిశోధనశాలల్లో ముక్కను తీసిన నిమిషాల్లోనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి, మైనస్ 80లో దాస్తారు. రాయగడ నుంచి రైల్లో విశాఖ చేరాల్సిన ముక్కకు ఈ మర్యాద ఎక్కడ దొరుకుతుంది? ద్రవ నైట్రోజన్ డబ్బా మోసుకెళ్ళే ఏర్పాటు ఈ జిల్లాల్లో వస్తుందని అనుకుని కూర్చోవడం దండగ.

ఇక్కడే మైనపు బ్లాకు మళ్ళీ ముందుకొస్తుంది. బ్లాకుకు చల్లదనం అక్కర్లేదు. మామూలు గదిలో ఏళ్ళ తరబడి ఉంటుంది, సంచిలో పెట్టుకుని బస్సెక్కవచ్చు. ఇబ్బంది ఏమిటంటే ఆల్కహాలు, జైలీన్ కొవ్వుల్ని చాలావరకు కడిగేస్తాయి. పైన చెప్పుకున్న కొవ్వుల పటం బ్లాకులోంచి అంత బాగా రాదు. ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి ముడివేస్తుంది. ఆ ముళ్ళను వేడితో సడలించి, ట్రిప్సిన్ అనే ఎంజైముతో ప్రోటీన్లను చిన్న తునకలుగా కోస్తే అప్పుడు వాటిని చదవవచ్చు. ఇంకా ఆశ కలిగించేవి గ్లైకాన్లు, అంటే ప్రోటీన్లకు కొమ్మల్లా అంటుకుని ఉండే చక్కెర గొలుసులు. ఇవి ఫార్మలిన్‌కూ మైనానికీ తట్టుకుంటాయి. దక్షిణ కరోలినా వైద్య విశ్వవిద్యాలయంలో రిచర్డ్ డ్రేక్ బృందం 2014లో, ఆ గొలుసుల్ని తెంపే ఎంజైమును మైనపు పొరమీద చల్లి మాల్డీతో వాటి పటం గీసింది. మానోజ్ చక్కెర ఎక్కువగా ఉండే గొలుసులు పలు గడ్డల్లో, రొమ్ము క్యాన్సర్‌తో సహా, చుట్టుపక్కల కండకంటే ఎక్కువగా కనిపించాయి. బరంపురం, కోరాపుట్ వైపు ప్రాంతాలకు ఈ పరిజ్ఞానం ఎప్పటికైనా అందితే ఈ దారినే అందుతుంది. మనిషి ఊళ్ళోనే ఉండి, బ్లాకు ప్రయాణం చేయాలి.

బ్లాకు బాగుండాలంటే సీసా బాగుండాలి. రొమ్ము క్యాన్సర్ పరీక్షలకు ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం ఇది: తీసిన ముక్క గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, అందులో 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. ఫార్మలిన్ 10 శాతం బలంతో, ఆమ్లపు గుణం లేకుండా సరిచేసినదై ఉండాలి, ముక్కకు పదింతలకు తగ్గకుండా ఉండాలి. పెద్ద గడ్డయితే మధ్యకు కోసి పెట్టాలి, లేకపోతే మందు లోపలికి దిగేలోపే నడిమి భాగం కుళ్ళడం మొదలవుతుంది. సెలైన్‌లో వేసి పంపిన ముక్కకు ఈఆర్ పరీక్ష చేస్తే లేదని రావచ్చు, ఉన్నా కూడా. దాని ఫలితం, ఈఆర్ ఉన్నవాళ్ళకు పనిచేసే, ఐదు నుంచి పదేళ్ళు వాడితే ప్రాణం నిలబెట్టే చవకైన టామాక్సిఫెన్ మాత్ర ఆ మనిషికి అందకపోవడం. ఇవాళ ఉన్న పరీక్షను పాడుచేసే ఈ లోపమే రేపటి మాస్ స్పెక్ట్రోమెట్రీనీ పాడుచేస్తుంది. కాబట్టి చిన్న ఊరి ఆపరేషన్ థియేటర్‌లో సరైన ఫార్మలిన్ సీసా, దానిమీద ముక్క తీసిన వేళ, ఫార్మలిన్‌లో వేసిన వేళ రాసే అలవాటు, ఇవి కోట్ల రూపాయల యంత్రంకంటే ముందు రావాలి.

మన చేరువలో ఈ పని చేస్తున్నవాళ్ళూ ఉన్నారు. తిరుపతిలోని కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లో షిబ్‌దాస్ బెనర్జీ బృందం డెసీతో క్యాన్సర్ కణజాలాలను చదువుతోంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా ఆయన పనిచేసిన 2017 నాటి పరిశోధనలో ప్రోస్టేట్ క్యాన్సర్‌ను గ్లూకోజు, సిట్రేటుల నిష్పత్తితో గుర్తించవచ్చని తేలింది. మన దేశంలోనే, మన స్త్రీల కణజాలంమీద ఇలాంటి పని జరగడం ఎందుకు అవసరమో గట్టిగా చెప్పాలి. ఒంట్లోని కొవ్వు ఏ ఆమ్లాలతో తయారై ఉందన్నది తినే నూనెమీద కూడా ఆధారపడుతుంది. ఓలెయిక్ ఆమ్లం క్యాన్సర్ గుర్తుల్లో ఒకటన్నది బోస్టన్ లెక్క. వేరుశనగ నూనెలోనూ, పామాయిల్‌లోనూ ఆ ఆమ్లమే పుష్కలం. బోస్టన్ స్త్రీల కండమీద నేర్చుకున్న కంప్యూటర్ గంజాం స్త్రీ కండను చూసి అదే తీర్పు సరిగా ఇస్తుందా అన్నది ఊహించి వదిలేసే విషయం కాదు, పరీక్షించి తేల్చాలి. పైగా ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ లేని రకం క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకంటే మన దగ్గర ఎక్కువ శాతం. మందులు తక్కువగా ఉన్న ఆ రకంలోనే అణువుల పటం చెప్పగల కొత్త సంగతుల అవసరం ఎక్కువ.

ముక్క బాగుండటం ఒక ఎత్తు, అది వేళకు బయటికి రావడం మరో ఎత్తు. 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందనీ, 98,000 మంది దానితో చనిపోయారనీ అంతర్జాతీయ అంచనా. ముదిరాక వచ్చినవాళ్ళు ఎక్కువ కావడమే ఈ రెండు అంకెల మధ్య దూరం ఇంత తక్కువగా ఉండటానికి ముఖ్య కారణాల్లో ఒకటి. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1,51,538 మంది స్త్రీలతో ఇరవై ఏళ్ళు నడిపిన పరిశోధన 2021లో వెలువడింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షించిన చోట గడ్డలు చిన్నగా ఉండగానే దొరికాయి. 50 ఏళ్ళు దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మామోగ్రామ్ లేని ఊళ్ళో ఆశా కార్యకర్త చేతివేళ్ళు చేయగల మేలు ఇది. సరిహద్దు ఊళ్ళలో ఆ కార్యకర్త తెలుగులో, లేదా సవరలో మాట్లాడగలగడం కూడా ఈ లెక్కలో భాగమే. వాడుక భాషకోసం గిడుగు రామమూర్తి పాటుపడిన పర్లాకిమిడిలోనే తన రిపోర్టులో ఏముందో ఒక ఆడమనిషికి తెలియకుండా పోవడం బాధ కలిగించే విషయం. ఈఆర్ ఉంది, హెర్2 లేదు అన్న రెండు ముక్కలు ఆమె మాటలో రాసి ఇవ్వడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

ఇక బ్లాకు సంగతి. రెండు రాష్ట్రాల మధ్య తిరిగేవాళ్ళకు ఇది అన్నిటికంటే ముందు పనికొచ్చేది. బయాప్సీ ఒక ఆసుపత్రిలో, ఆపరేషన్ మరోచోట, మందులు ఇంకోచోట జరిగినప్పుడు ఫైల్లో రిపోర్టు కాగితం ఉంటుంది గాని బ్లాకు మొదటి ల్యాబులోనే ఉండిపోతుంది. కొత్త డాక్టరు అనుమానమొచ్చి మళ్ళీ చూడాలంటే మళ్ళీ సూది గుచ్చాలి, లేదా ఎవరో ఒకరు బ్లాకుకోసం వెనక్కి తిరగాలి. రిపోర్టుతోపాటు బ్లాకునూ స్లైడులనూ రాతపూర్వకంగా అడిగి తీసుకోవచ్చు. పాథాలజీ విభాగాలు సంతకం పెట్టించుకుని ఇస్తాయి. బ్లాకు అంచున ఉన్న నంబరు రిపోర్టుమీది నంబరుతో కలిసిందో లేదో అక్కడే చూసుకోవాలి. ఆ మైనం కరిగేది 56 నుంచి 60 డిగ్రీల మధ్య. మే నెల ఎండలో నిలిపిన కారులో, బండి డిక్కీలో దాన్ని వదిలేయకూడదు. చిన్న డబ్బాలో దూది పెట్టి, చేతిసంచిలో వెంట ఉంచుకుంటే చాలు.